గేటు పక్కన గది: బెంగళూరులో చదివే మన పిల్లలకు ఒక సెక్యూరిటీ అధికారి సూచనలు

బెంగళూరుకు చదువుకోవడానికి వచ్చే మన పిల్లలు మొదటి వారంలోనే మెస్సు ఎక్కడో, మెట్రో ఎక్కడో, ఆంధ్రా భోజనం ఎక్కడ దొరుకుతుందో కనుక్కుంటారు. గేటు పక్కనున్న సెక్యూరిటీ ఆఫీసులోకి మాత్రం చదువు పూర్తయ్యే దాకా అడుగుపెట్టనివాళ్లే ఎక్కువ. గార్డు అంటే ఐడీ కార్డు అడిగేవాడని, పోలీసు అంటే దూరంగా ఉండవలసినవాడని వాళ్ల లెక్క. నేను సైన్యంలో సుబేదారుగా రిటైరయ్యాను. మాది మార్కాపురం వైపు పల్లె. ఇప్పుడు నగరానికి పడమటి వైపున్న ఒక విశ్వవిద్యాలయంలో భద్రత చూసుకుంటున్నాను. మా గదికి వచ్చే పిల్లల్లో చాలామంది ఆలస్యంగా వస్తారు. చిన్న విషయమైనా సరే, జరిగిన వెంటనే రండి. మేము చేయగలిగిన సాయం గంటగంటకూ తగ్గిపోతుంది. ఎలాగో ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందు మేమెవరో తెలుసుకోండి. మా అక్క మనవరాలు అమెరికాలో చదువుతోంది. అక్కడ చాలా విశ్వవిద్యాలయాలకు సొంత పోలీసు శాఖలున్నాయి. యేల్ విశ్వవిద్యాలయం 1894లోనే ఆ పద్ధతి మొదలుపెట్టింది. ఆ పోలీసులకు అరెస్టు చేసే అధికారం ఉంటుంది. రాత్రిపూట పిల్లలకు తోడు వెళ్లడం, సైకిళ్లకు నంబర్లు నమోదు చేయడం, పోయిన వస్తువులు భద్రపరచడం కూడా వాళ్ల పనే. 1990లో వచ్చిన క్లెరీ చట్టం ప్రకారం ప్రాంగణంలో జరిగిన నేరాల లెక్కను ఏటా బయటపెట్టాలి, ప్రమాదం పొంచి ఉంటే అందరినీ వెంటనే హెచ్చరించాలి. ఆ చట్టం మన దగ్గర కూడా ఉండాలని నా కోరిక.

మన దగ్గర క్యాంపస్ గార్డులు పోలీసులు కారు. సాధారణంగా 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు తీసుకున్న ఏజెన్సీల నుంచి వస్తారు. 2006లో కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం గార్డుకు 100 గంటలు తరగతిలో, 60 గంటలు బయట శిక్షణ ఇవ్వాలి. కళ్ల ముందు పెద్ద నేరం చేసినవాడిని ఏ పౌరుడైనా పట్టుకోవచ్చు. మాకున్న అధికారమూ అంతే. అలా పట్టుకున్నవాడిని, పోలీసు విచారణ పద్ధతులు చెప్పే కొత్త చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 40వ సెక్షన్ ప్రకారం 6 గంటలలోపు పోలీసులకు అప్పగించాలి. గార్డు మీ ఫోను తాళం తీయించి మెసేజీలు చదవకూడదు, చేయి చేసుకోకూడదు, గదిలో పెట్టి క్షమాపణ పత్రం రాయించకూడదు. అలా ఎవరైనా చేస్తే పేరు, సమయం రాసి రిజిస్ట్రారుకు ఇవ్వండి. మా మనుషులని నేను వెనకేసుకురాను. ఐడీ కార్డు అడగడం మాత్రం వాళ్ల విధి. 2005 డిసెంబరు 28న ఇదే నగరంలో భారతీయ విజ్ఞాన సంస్థలో సదస్సు ముగించుకుని బయటికి వస్తున్న వారిపై కాల్పులు జరిపి ఒక విశ్రాంత ఆచార్యుణ్ణి చంపేశారు. అర్ధరాత్రి గేటు దగ్గర మిమ్మల్ని ఆపే గార్డును విసుక్కునే ముందు ఆ రోజును తలచుకోండి.

ఇక ఫోను తీసి రెండు నంబర్లు పెట్టుకోండి. ఒకటి 112, రెండోది మీ క్యాంపస్ కంట్రోల్ రూమ్ నంబరు. ఐడీ కార్డు వెనక ఉంటుంది, లేకపోతే గేటు దగ్గర అడగండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ముందు 112. బెంగళూరులో ఆ కాల్‌కు దగ్గరలో ఉన్న హొయ్సళ గస్తీ వాహనం వస్తుంది. వెంటనే మాకు కూడా చెప్పండి. ఎందుకంటే హొయ్సళ గేటు దాకా వచ్చేస్తుంది గానీ, లోపల మీ హాస్టల్ బ్లాకు ఎక్కడుందో, రాత్రి ఏ గేటు తాళం వేసి ఉంటుందో వాళ్లకు తెలియదు. మాకు ముందే తెలిస్తే అడ్డుకర్ర ఎత్తి, ఒక గార్డును బండి మీద ముందు పంపి దారి చూపిస్తాం. 108 అంబులెన్సుకూ ఇదే పద్ధతి. ఫోనులో మొదట ఎక్కడున్నారో చెప్పండి, తరువాత ఏమైందో చెప్పండి. మధ్యలో లైను తెగిపోయినా చోటు తెలిసి ఉంటే ఎవరో ఒకరు చేరుకుంటారు.

నగరంలో కొన్ని చోట్ల రోడ్డు పక్కన 'సేఫ్టీ ఐలాండ్' అనే స్తంభాలు కనిపిస్తాయి. మీట నొక్కితే పోలీసు కమాండ్ సెంటరుతో నేరుగా మాట్లాడవచ్చు. మీరు రోజూ తిరిగే దారిలో ఒకటి ఉంటే పగటిపూటే చూసి గుర్తుపెట్టుకోండి.

మా గదిలో అన్నిటికన్నా విలువైన వస్తువు ఏదంటే నేను రిజిస్టరునే చూపిస్తాను. ఘటనల పుస్తకం అంటాం. తేదీ, సమయం, ఎవరు చెప్పారు, ఏం చెప్పారు, ఏ గార్డు రాసుకున్నాడు అన్నవి అందులో వరుస తప్పకుండా ఉంటాయి. మదనపల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయిని మెట్రో స్టేషను నుంచి గేటు దాకా ఒక బండివాడు వెంబడించేవాడు. ఒక్క మాట కూడా అనలేదు, ఊరికే వెనకే వచ్చేవాడు. 'ఏమీ చేయలేదు కదా సార్, రాయాలా?' అని అడిగింది. రాయించాం. మరుసటి రోజు మళ్లీ వచ్చి బండి నంబరులో చివరి అంకెలు చెప్పింది, అదీ రాశాం. గేటు కెమెరాలో వెతికితే పూర్తి నంబరు దొరికింది. స్టేషనుకు వెళ్లినప్పుడు ఆ అమ్మాయి చేతిలో తేదీల వారీగా కాగితం ఉంది కాబట్టి ఎస్సై ప్రశ్నలు తగ్గాయి, పని జరిగింది. ఒక స్త్రీ వద్దంటున్నా పదే పదే వెంటపడటం, నేరాలకు శిక్షలు చెప్పే కొత్త చట్టం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. 'పదే పదే' అన్నది రుజువు కావాలంటే మొదటి రోజు రాత కావాలి. మీరు రాయించిన దానికి ఎంట్రీ నంబరు అడిగి ఫోటో తీసుకోండి.

రాత్రి తోడు సంగతి చాలామందికి తెలియదు. లైబ్రరీ నుంచో ల్యాబు నుంచో హాస్టలుకు నడవడానికి భయంగా ఉంటే కంట్రోల్ రూముకు ఫోను చేయండి. మా దగ్గర ఇద్దరు గార్డులు వస్తారు, వారిలో ఒకరు మహిళ. మీ క్యాంపస్‌లో ఈ ఏర్పాటు లేకపోతే విద్యార్థులందరూ సంతకాలు చేసి అడగండి, అది గొంతెమ్మ కోరిక కాదు. ఆడపిల్లలకే అని కూడా అనుకోవద్దు. కొత్తగా చేరిన అబ్బాయిలు చీకట్లో కుక్కల గుంపును దాటలేక ఫోను చేస్తారు, వెళతాం.

ఇప్పుడు ఫోను పోవడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఇదే. ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. ఫోను ఎక్కడో మరచిపోయారా, ఎవరైనా లాక్కున్నారా? మరచిపోయి ఉంటే కర్ణాటక పోలీసుల ఈ-లాస్ట్ సేవలో నమోదు చేస్తే రసీదు వస్తుంది. సర్టిఫికెట్లు, ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు పోయినా ఇదే దారి. కొత్తవాటికి దరఖాస్తు చేసేటప్పుడు ఆ రసీదు పనికివస్తుంది. కానీ ఎవరైనా లాక్కుపోతే, జేబులోంచి కొట్టేస్తే అది దొంగతనం. దాన్ని 'పోయింది' అని రాసి వదిలేయకండి. 'పోయిందని రాసేయ్, త్వరగా అయిపోతుంది' అని ఎవరు సలహా ఇచ్చినా వినకండి. అలా రాస్తే నేరమే జరగనట్టు అవుతుంది, వెతికేవాళ్లు ఉండరు, రేపు ఆ ఫోనుతో ఎవరైనా తప్పుడు పని చేస్తే మీ దగ్గర సరైన కాగితం ఉండదు.

రెండు సందర్భాల్లోనూ ముందు స్నేహితుడి ఫోను నుంచి సిమ్ ఆపించండి, బ్యాంకుకు చెప్పి యూపీఐ నిలిపివేయించండి. ఆ తరువాత అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకుని, పోలీసు కాగితంతో కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్లో, పోయిన ఫోన్లను పనిచేయకుండా ఆపే సీఈఐఆర్ విభాగంలో మీ ఫోను ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) బ్లాకు చేయండి. ఓటీపీ రావాలి కాబట్టి సిమ్ ముందు తెచ్చుకోమంటున్నాను. ఐఎంఈఐ కోసం ఇప్పుడే మీ ఫోనులో *#06# నొక్కి, వచ్చిన అంకెలను ఇంట్లోవాళ్లకు పంపి ఉంచండి. ఫోను పోయాక ఆ అంకెలు కావాలంటే కొన్న డబ్బానో బిల్లునో వెతుక్కోవాలి.

కెమెరా దృశ్యాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జనం ఎక్కువగా వచ్చిపోయే సంస్థలు కెమెరాలు పెట్టాలని, ఆ దృశ్యాలను 30 రోజులు దాచాలని కర్ణాటకలో 2017 నాటి ప్రజా భద్రతా చట్టం చెబుతోంది. గడువు దాటాక పాత దృశ్యాల మీద కొత్తవి వచ్చి పడతాయి. సెమిస్టరు పరీక్షలయ్యాక వచ్చి, నెలన్నర కిందట సైకిలు పోయింది, చూపించండి అంటే చూపించడానికి మా దగ్గర ఏమీ ఉండదు. దృశ్యాలను విద్యార్థి చేతికి ఇవ్వం, అందులో వేరేవాళ్లు కూడా ఉంటారు కదా. కానీ మీరు రాసి ఇస్తే ఆ భాగాన్ని విడిగా భద్రపరుస్తాం, పోలీసులు అడిగినప్పుడు ఇస్తాం. 'ఫలానా తేదీ, ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు, ఫలానా కెమెరా దృశ్యాలు చెరిపివేయవద్దు' అని ఒక్క వాక్యం రాసిస్తే చాలు.

డబ్బు మోసంలో గంటలు కూడా కాదు, నిమిషాలే లెక్క. నంద్యాల అబ్బాయి ఒకడికి కొరియరు పేరుతో ఫోను వచ్చింది. మీ పార్సిల్లో మాదక ద్రవ్యాలు దొరికాయని, పోలీసులమని చెప్పి వీడియో కాల్‌లో కూర్చోబెట్టి అతని ఫీజు డబ్బు కాజేశారు. నాన్నకు తెలిస్తే ఏమవుతుందోనని రాత్రంతా గదిలో కుమిలిపోయి తెల్లారాక వచ్చాడు. అప్పటికి డబ్బు ఖాతాల మీద ఖాతాలు దాటిపోయింది. ఇలా జరిగితే ముందు 1930కి ఫోను చేయండి. లావాదేవీ నంబరు, సమయం, ఏ ఖాతాకు వెళ్లిందో చెబితే డబ్బు ఇంకా అక్కడే ఉంటే ఆపే ప్రయత్నం చేస్తారు. జాతీయ సైబర్ నేరాల పోర్టల్లోనూ నమోదు చేయండి. నాన్నకు తరువాత చెప్పవచ్చు, కావాలంటే నేనే మాట్లాడతాను. ఇలా వీడియో కాల్‌లో బెదిరించి కూర్చోబెట్టడాన్ని వాళ్లు 'డిజిటల్ అరెస్టు' అంటారు, అలాంటిది ఏ చట్టంలోనూ లేదు. ఏ పోలీసూ వీడియో కాల్‌లో అరెస్టు చేయడు, డబ్బు పంపమనడు.

పోలీసు స్టేషనుకు వెళ్లవలసి వస్తే ఒంటరిగా వెళ్లకండి. మా దగ్గర అడిగితే ఒక సూపర్‌వైజరు తోడు వస్తాడు. భాష గురించి బెంగ వద్దు. బెంగళూరు స్టేషన్లలో కోలారు, చింతామణి, బాగేపల్లి వైపు నుంచి వచ్చిన సిబ్బంది కనిపిస్తూనే ఉంటారు, వాళ్లకు తెలుగు బాగా వచ్చు. అయినా నాలుగు కన్నడ మాటలు నేర్చుకుని వెళ్లండి, నమస్కారం పెట్టి కన్నడలో మొదలుపెడితే ఎదుటివారు ఎంతో ఆదరంగా మాట్లాడతారు. ఫిర్యాదు ముందే ఒక కాగితం మీద రాసుకోండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగింది, సాక్షులెవరు. కోపం, ఊహలు వద్దు. 'వాడు మంచివాడు కాదు' అన్న వాక్యం కన్నా 'సాయంత్రం ఏడు గంటలకు రెండో గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర నా చేయి పట్టుకున్నాడు' అన్న వాక్యం బలమైనది. నోటితో చెప్పినా వాళ్లు రాసుకుని, మీకు చదివి వినిపించి, అప్పుడు సంతకం తీసుకోవాలి. అర్థం కాని భాషలో రాసి ఉంటే అర్థం చెప్పించుకోకుండా సంతకం పెట్టకండి.

ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. నేరం వేరే స్టేషను పరిధిలో జరిగిందని తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్ఐఆర్ రాసుకుని అక్కడికి బదిలీ చేయాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ 173వ సెక్షన్లో ఇది స్పష్టంగా ఉంది. మీ ఊరి బస్సులో పెట్టె పోయి, ఇక్కడ దిగాక చూసుకున్నా ఇక్కడే ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మాత్రం 3 రోజులలోపు వెళ్లి సంతకం చేయాలి, ఈ గడువును పిల్లలు తరచుగా మరచిపోతారు. విషయం చిన్నదైతే ఎన్‌సీఆర్ (ఎఫ్ఐఆర్ అక్కర్లేని ఫిర్యాదు నమోదు) అని రాసి రసీదు ఇస్తారు. అది లేకుండా బయటికి రాకండి. ఎఫ్ఐఆర్ రాయవలసిన నేరమై కూడా రాయకపోతే అదే ఫిర్యాదును పోస్టులో ఆ ప్రాంతపు పై పోలీసు అధికారి డీసీపీకి పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు.

లైంగిక వేధింపుల విషయంలో రెండు దారులున్నాయి, రెండూ ఒకేసారి పట్టవచ్చు. క్యాంపస్‌లోని అంతర్గత కమిటీకి ఫిర్యాదు ఇవ్వడానికి 2013 నాటి చట్టం 3 నెలల గడువు ఇస్తుంది, తగిన కారణముంటే మరో 3 నెలలు పొడిగిస్తారు. పోలీసుల దగ్గర ఇలాంటి నేరాల్లో బాధితురాలి మాటను మహిళా అధికారే నమోదు చేయాలి. అత్యాచార బాధితులకు ఏ ఆసుపత్రైనా వెంటనే ఉచితంగా చికిత్స ఇవ్వాలి, ముందు పోలీసు కాగితం తెమ్మని అడగకూడదు. పేరు బయటికి వస్తుందని భయపడే అమ్మాయిలకు ఒక మాట. సాధారణ ఎఫ్ఐఆర్‌లు ఇంటర్నెట్లో పెడతారు గానీ, ఇలాంటివి పెట్టకూడదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. బాధితురాలిని గుర్తుపట్టేలా ప్రచురించడం నేరం. 2024 డిసెంబరులో చెన్నైలో ఒక విద్యార్థిని కేసు ఎఫ్ఐఆర్ బయటికి పొక్కినప్పుడు మద్రాసు హైకోర్టు ఊరుకోలేదు, ఆ అమ్మాయికి రూ. 25 లక్షల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది.

ర్యాగింగ్ జరిగితే యూజీసీ సహాయ సంఖ్య 1800-180-5522. 2009 నిబంధనల ప్రకారం నేరంగా పరిగణించదగ్గ ర్యాగింగ్ గురించి తెలిసిన 24 గంటల్లో సంస్థే ఎఫ్ఐఆర్ దాఖలు చేయాలి. సర్దుబాటు చేసుకోండి అనేవాళ్లకు ఈ వాక్యం చూపించండి.

ఇంకో మాట మనసులో పెట్టుకోండి. పక్క గదిలో స్నేహితుడు రెండు రోజులుగా తలుపు తీయడం లేదు, చచ్చిపోతానని మెసేజి పెట్టాడు అనుకోండి. పోలీసు కేసవుతుందని, వాడి భవిష్యత్తు పాడవుతుందని దాచిపెట్టకండి. ఆత్మహత్యాయత్నం చేసినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చెప్పింది, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ కొత్త న్యాయ సంహితలో లేదు. అర్ధరాత్రైనా మమ్మల్ని లేపండి. తలుపు తెరవడానికి మా దగ్గర మనుషులు, వార్డెన్ దగ్గర తాళాలు ఉన్నాయి. ప్రమాదం తప్పాక మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. దాన్ని వెనక ఉండి నడిపించే సంస్థల్లో ఈ నగరంలోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్ ముఖ్యమైనది.

చుట్టుపక్కలవాళ్లు కూడా మా మనుషులే. బెంగళూరు విశ్వవిద్యాలయం వారి జ్ఞానభారతి ప్రాంగణాన్ని చూడండి. పోలీసు స్టేషనుకూ మెట్రో స్టేషనుకూ కూడా ఆ పేరే ఉంది, రోజూ బయటివాళ్ల బండ్లు ఆ చెట్ల మధ్య రోడ్ల మీదుగానే పోతాయి. మా క్యాంపస్‌లోనూ తెల్లవారుజామున పక్క లేఅవుట్ల పెద్దలు నడకకు వస్తారు. వారికి నేను చెప్పేది, గేటు పుస్తకంలో పేరుతో పాటు ఇంట్లో ఒకరి ఫోను నంబరు కూడా రాయండి. కళ్లు తిరిగి పడిపోతే మేము ఎవరికి ఫోను చేయాలి? పీజీ యజమానులు, టీ కొట్టువాళ్లు, ఆటో డ్రైవర్లు కూడా కంట్రోల్ రూము నంబరు పెట్టుకోవాలి. గోడ దూకేవాడిని మాకన్నా ముందు చూసేది టీ కొట్టు ఆయనే. స్థానిక ఇన్‌స్పెక్టరుతో సమావేశం ఉంటే మీరూ వచ్చి కూర్చోండి, వీధి దీపం వెలగకపోవడం కూడా అక్కడ చెప్పదగ్గ విషయమే.

గేటు ముందు ప్రమాదం జరిగినప్పుడు పిల్లలు సాయం చేయడానికి జంకుతారు. జంకవద్దు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ ప్రకారం గాయపడినవారికి మంచి మనసుతో సాయం చేసినవారిపై కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ఆసుపత్రిలో దింపి వెళ్లిపోవచ్చు. పాము కనిపిస్తే మాత్రం మీరే పట్టబోవద్దు, దూరంగా నిలబడి అది ఎటు పోతుందో చూస్తూ మాకు ఫోను చేయండి, పట్టేవాళ్లను పిలుస్తాం.

చివరి సంవత్సరం పిల్లలకు పాస్‌పోర్టు పని. హాస్టల్ చిరునామాతో దరఖాస్తు చేసి, అక్కడ ఏడాది నిండకపోతే అంతకుముందు ఉన్న చిరునామాలు కూడా రాయాలి. దరఖాస్తు నంబరు, గది నంబరు, వార్డెన్ పేరు ఒక చీటీ మీద రాసి మా గదిలో ఇచ్చి పోండి. విచారణకు కానిస్టేబుల్ వచ్చినప్పుడు మీరు క్లాసులో ఉంటే, తాళం చూసి తిరిగిపోకుండా ఆయన్ను కూర్చోబెట్టి మీకు ఫోను చేస్తాం. ఆయనకు డబ్బు ఇవ్వవలసిన పని లేదు. అడిగితే మాతో చెప్పండి.